పొందిక

సికింద్రాబాదు దండు విడిదిగా పుట్టి వర్తకనగరముగా పెరిగిన ఊరు. 1806వ సంవత్సరమున నాటి నిజాము సికందర్ జా పేరు దీనికి పెట్టబడెను. దండును నమ్ముకొని వచ్చిన వర్తకులు అంగళ్ళు తెఱచిరి. అంగళ్ళు వీధులైనవి. కాలక్రమమున ఒక్కొక్క వీధికి ఒక్కొక్క సరకు పేరు పడినది. పంపులు, మోటార్లు, ఇనుప పనిముట్లు కావలసినవారు రాణిగంజికి పోవుదురు. వస్త్రములు కావలసినవారు జనరల్ బజారునకు పోవుదురు. కంప్యూటరు భాగములు కావలసినవారు ప్యారడైజు కూడలికి సమీపమున పార్కులేనులో నున్న చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోవుదురు. ఆ పూర్తి పేరు పలుకువారు తక్కువ. జంటనగరములలో అందఱకును అది సి.టి.సి.

అచ్చట అంగడి వెంట అంగడి. గోడల పొడవునను అట్టపెట్టెలు పేర్చియుండును. వచ్చిన బాలుడు తనకేమి కావలెనో చెప్పును. వర్తకుడు ఒక కాగితము తీసికొని భాగముల పేర్లను, ధరలను ఒకదానిక్రింద ఒకటిగా వ్రాసి, మొత్తము వేసి చేతికిచ్చును. దీనిని కొటేషన్ అందురు. అట్లు వచ్చు బాలురలో పెక్కుమంది కోరునది ఆటలాడుటకు తగిన కంప్యూటరు. అందఱును దానిని గేమింగ్ కంప్యూటరు అని పిలుచుచున్నారు.

విడివిడిగా భాగములు కొని కంప్యూటరును ఇంటిలో కూర్చుకొను వీలు మొదటినుండి లేదు. 1967లో హైదరాబాదున నెలకొల్పబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను ప్రభుత్వసంస్థ 1969లో టి.డి.సి. 12 అను కంప్యూటరును వెలువరించినది. అట్టి యంత్రములు పరిశోధనాలయముల కొఱకే గాని ఇండ్ల కొఱకు కావు. 1981లో అమెరికాలోని ఐ.బి.యం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసెను. ఆ సంస్థ అందలి పెక్కు భాగములను ఇతరులనుండి కొని కూర్చెను. నిర్మాణ వివరములను పుస్తకరూపమున ప్రకటించెను. అందువలన దానికి సరిపడు భాగములను చేయుటకు లోకమున అనేకులకు వీలు కలిగినది. 1995లో ఏ.టి.ఎక్స్. అను కొలత ఏర్పడినది. బోర్డునకు మరచీలల రంధ్రము లెచ్చట నుండవలెనో, విద్యుత్తునందించు తీగ లే తీరున నుండవలెనో అది నిర్ణయించినది. నేడు ఒక దేశమున చేసిన బోర్డు మఱియొక దేశమున చేసిన పెట్టెలో చక్కగా అమరుచున్న దన్నచో అందులకు ఇట్టి ఒప్పందములే కారణము.

అయినను అమరుట వేఱు, పొసగుట వేఱు. మరచీల రంధ్రమున పట్టినంత మాత్రమున భాగములు కలిసి పని చేయునని తలంపరాదు. ఈ భేదమును ఎఱుగక ధనము పోగొట్టుకొన్నవారు పలువురు.

సీతాఫలమండిలో రైల్వే ఉద్యోగి కుమారుడొకడు ఇట్టి కంప్యూటరును కోరెను. తండ్రి చీటీ పాడగా చేతికి వచ్చిన సొమ్ములో అఱువది వేల రూపాయలు అందులకై తీసి యుంచి, “దీనితో అక్క చదువును సాగవలెను, నీ ఆటయు సాగవలెను. ఇంతకు మించి ఒక్క రూపాయియు లేదు” అని చెప్పెను. బాలుడు మహోత్సాహమున కొటేషన్ వ్రాయించుకొని వచ్చెను. అందు నలుబది వేలు ఒక్క గ్రాఫిక్స్ కార్డునకే పోయినది. మిగిలిన ఇరువది వేలలో ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యాము, ఎస్.ఎస్.డి., ఎస్.ఎం.పి.ఎస్., క్యాబినెట్ అన్నియు ఇమిడియున్నవి. మానిటరు సంగతియే లేదు. పాత మానిటరు చాలునని అతని యూహ.

అదే వీధిలో ఈ.సి.ఐ.ఎల్.లో చిరకాలము పని చేసి విశ్రాంతి తీసికొనుచున్న వృద్ధుడొకడు కలడు. బాలుడు ఆ కాగితమును ఆయనకు చూపెను. ఆయన కండ్లద్దములు సవరించుకొని ఆసాంతము చదివెను.

“బాబూ, నాగలికి ఒకవైపున ఒంగోలు గిత్తను, మఱియొకవైపున బక్కచిక్కిన ఎద్దును కట్టినచో దుక్కి ఏ ఎద్దు నడకతో సాగును?”

“బక్క ఎద్దు నడకతోనే సాగును, తాతగారూ.”

“మఱి గిత్తకు పెట్టిన వెల యేమగును?”

బాలుడు బదులు చెప్పలేకపోయెను.

వృద్ధుడు తెలిపిన సంగతి యిది. తెరమీద ఆట కదలుటకు ఇద్దఱు పనివారు కావలెను. ఆటగాడు ఎచ్చట నున్నాడు, బంతి ఎటు పోవుచున్నది, గోడ తగిలిన నేమగును అను లెక్కలు వేయునది ప్రాసెసరు. ఆ లెక్కను బట్టి బొమ్మ గీయునది గ్రాఫిక్స్ కార్డు. ఫుల్ హెచ్.డి. మానిటరు తెరపై అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుండును. అనగా మొత్తము 20,73,600 చుక్కలు. సెకనునకు 60 బొమ్మలు గీయవలెనన్నచో 12 కోట్ల 44 లక్షలకు మించిన చుక్కలకు రంగు నిర్ణయింపవలెను. 144 బొమ్మలైనచో ఆ లెక్క 29 కోట్ల 85 లక్షలు దాటును. ఇంతటి పని చేయగల కార్డు ఎంతో గొప్పదే. కాని ప్రాసెసరు సెకనునకు 60 బొమ్మలకు మాత్రమే లెక్క వేసి యీయగలిగినచో, 144 గీయగల కార్డు తక్కిన కాలమంతయు చేతులు ముడుచుకొని కూర్చుండును. పాత మానిటరు 60 బొమ్మలనే చూపగలిగినచో, ఆ పైని గీసినదంతయు వ్యర్థమే.

కావున కొనుగోలు కార్డుతో మొదలు పెట్టరాదు. మొదట ఏ యాటలు ఆడవలెను, ఏ తెరమీద చూడవలెను అను ప్రశ్నలకు సమాధానము కావలెను. తెరను బట్టి కార్డు, కార్డును బట్టి ప్రాసెసరు, ప్రాసెసరును బట్టి బోర్డు, అన్నిటి ఆకలిని బట్టి ఎస్.ఎం.పి.ఎస్. ఇది క్రమము.

బోర్డు విషయమున మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. ప్రాసెసరు కూర్చుండు గూటిని సాకెట్టందురు. ఏ.యం.డి. సంస్థవారి ఏ.యం.4 సాకెట్టు ప్రాసెసరునకు 1,331 సూదులుండును. 2022లో అదే సంస్థ తెచ్చిన ఏ.యం.5 సాకెట్టున 1,718 స్పర్శస్థానములు కలవు. ఇంటెల్ సంస్థ 2021లో తెచ్చిన సాకెట్టున 1,700 కలవు. ఒకదానిది మఱియొకదానిలో కూర్చుండదు. ర్యాములోను ఇట్టి భేదమే కలదు. డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 అను రెండు రకములకును 288 స్పర్శస్థానములే యున్నను, నడుమ నుండు గంటు చోటు వేఱు. బలవంతమున గ్రుచ్చినచో విఱుగునే గాని పని చేయదు. ఇంకొక చిక్కు కంటికి కనబడనిది. 2018లో వచ్చిన కొన్ని బోర్డులలో 2020నాటి ప్రాసెసరు చక్కగా అమరును. కాని బోర్డులోని బయాస్ అను మూలప్రోగ్రామును క్రొత్తది చేయనిదే అది ఆ ప్రాసెసరును గుర్తింపదు. కొనునప్పుడే అడిగి తెలిసికొనిన ఈ చిక్కు తప్పును.

బాలురు చిన్నచూపు చూచు భాగము ఎస్.ఎం.పి.ఎస్. అది తెరపై కనబడదు, రంగుదీపములు వెలిగింపదు. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి అన్ని భాగములకును పంచిపెట్టుట దాని పని. ఇంటిల్లిపాదికి వండి వడ్డించు తల్లివంటి దది. ప్రాసెసరునకు 65 వాట్లు, కార్డునకు 170 వాట్లు, తక్కిన వానికి 65 వాట్లు అనుకొన్నచో మొత్తము 300. అయినను సరిగా 300 వాట్లది కొనరాదు. ఒక్కొక్క క్షణమున కార్డు తన లెక్కను మించి విద్యుత్తును లాగును. అందుచేత 550 వాట్లది కొనుట మేలు. నాసిరకపుది చెడునప్పుడు తానొక్కటియే చెడక, తనతోపాటు విలువైన భాగములను కూడ చెఱచును.

బాలుడు కొటేషన్‌ను మూడు మాఱులు తిరుగ వ్రాసెను. కార్డు ఖర్చు సగమునకు తగ్గెను. ఆ సొమ్ముతో ప్రాసెసరు మెఱుగుపడెను, ర్యాము ఒక్కటి రెండయ్యెను, పేరున్న ఎస్.ఎం.పి.ఎస్. వచ్చెను, చిన్నదైనను మంచి మానిటరు సమకూడెను. రంగుదీపములు లోపించెను. కార్డు పొడవెన్ని మిల్లీమీటర్లో, అది క్యాబినెట్‌లో పట్టునో లేదో కూడ చూచుకొని, తండ్రితో కలిసి సి.టి.సి.కి పోయి అన్నియు కొని, రసీదులను ఒక కవరులో భద్రపఱచెను.

ఆదివారమునాడు కూర్పు మొదలయ్యెను. బల్లపై అట్ట పఱచి, ఇనుప క్యాబినెట్‌ను చేతితో తాకి, ఒంటనున్న స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని, బాలుడు పనికి పూనుకొనెను. ప్రాసెసరు మూలనున్న త్రికోణపు గుర్తును సాకెట్టు గుర్తుతో సరిచూచి, ఏమాత్రము అదుమక, తనంత తాను దిగునట్లు ఉంచెను. దానిపై శనగగింజంత థర్మల్ పేస్టు పెట్టి కూలరును బిగించెను. ర్యాములు, ఎస్.ఎస్.డి., కార్డు వరుసగా చేరినవి. సాయంకాలమునకు తీగలన్నియు తగిలించి మీట నొక్కెను.

ఫ్యానులు తిరిగినవి. తెర మాత్రము చీకటిగనే యుండెను.

పది మాఱులు మీట నొక్కినను అంతే. తండ్రి ఒక్క మాటయు అనలేదు. అక్క తన పుస్తకములోనికి తల వంచుకొనెను. ఆ మౌనము బాలునికి గద్దింపుకంటె దుస్సహమయ్యెను. “ఎస్.ఎం.పి.ఎస్. చెడిపోయినది. దుకాణమువాడు చెడినదానిని అంటగట్టినాడు. రేపే పోయి అడిగెదను” అని బిగ్గరగా పలికెను.

వృద్ధుడు వచ్చి బల్లకడ్డముగా కూర్చుండెను. “ఫ్యానులు తిరుగుచున్నవి కదా, విద్యుత్తు వచ్చుచున్నట్లే. ఒక మనుష్యుని మోసగాడనుటకు అది చాలునా? మొదట నోటుపుస్తకము తెమ్ము. ఒక మాఱునకు ఒక్కటే మార్చుము. మార్చినది వ్రాయుము. ఫలితము వ్రాయుము” అనెను.

మొదట మానిటరు తీగను చూచిరి. అది మదర్‌బోర్డునకు తగిలించి యుండెను. ఆ బాలుడు కొన్న ప్రాసెసరులో బొమ్మ గీయు భాగము లేదు. కావున బోర్డు రంధ్రమునుండి బొమ్మ వచ్చుట కల్ల. పిల్లను చంకలో పెట్టుకొని ఊరంతయు వెదకినట్లు, గీయు కార్డు ప్రక్కనే యుండగా తీగ వేఱొకచోట నున్నది. తీగను కార్డునకు మార్చిరి. తెర ఇంకను చీకటియే.

“ఇదియు కాదు” అని బాలుడు తీగను మరల మొదటి చోటికి మార్చబోయెను. వృద్ధుడు వారించెను. “సరియైనదానిని ఏల చెఱచెదవు? రెండు దోషము లున్నప్పుడు ఒకటి తీర్చినను ఫలితము కనబడదు. అంత మాత్రమున ఆ సవరణ తప్పగునా?”

తరువాత బోర్డు అంచున నున్న చిన్న దీపములను చూచిరి. ప్రాసెసరు, ర్యాము, గ్రాఫిక్స్ కార్డు మున్నగువానికి ఒక్కొక్క దీపము పెట్టుట నేటి బోర్డులలో పెక్కింట కలదు. ఎచ్చట ఆటంకము కలుగునో అచ్చటి దీపము ఆఱక నిలుచును. ర్యాము దీపము వెలుగుచునే యుండెను. మీట ఆర్పి, తీగ ఊడదీసి, రెండు ర్యాములను తీసి, ఒక్కదానినే గూట పెట్టి రెండు కొనలను అదిమిరి. టక్కుమని చప్పుడయ్యెను. ఆ చప్పుడు మధ్యాహ్నము వినబడలేదు. మీట నొక్కగనే తెర వెలిగెను. రెండవదానిని కూడ అట్లే అదిమిరి. అదియు పని చేసెను. ఏ భాగమును చెడియుండలేదు. ఆడలేక మద్దెల ఓడనినట్లు, నిందయొక్కటే సిద్ధమై యుండెను. బాలుడు మఱునాడు దుకాణమునకు పోవలసిన అవసరము లేకపోయెను. అక్క లేచివచ్చి తెరను చూచి నవ్వెను.

మే మాసమున మఱియొక చిక్కు పుట్టెను. సికింద్రాబాదు ఎండలు 40 డిగ్రీలు దాటు దినములవి. ఆట మొదలిడిన అరగంటకు బొమ్మలు తడబడసాగినవి. బాలుడు ఆటను తీసివేసి మరల ఎక్కించెను. ఒక రాత్రియంతయు గడచెను గాని ఫలితము లేదు. అప్పుడు నోటుపుస్తకము జ్ఞప్తికి వచ్చెను. వేడిని కొలుచు ప్రోగ్రామును పెట్టి చూడగా ప్రాసెసరు 95 డిగ్రీల యొద్ద నున్నది. మితిమీరిన వేడి కలిగినప్పుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. తడబాటునకు కారణమదియే.

ఈసారి అతడు ఎవరిని పిలువలేదు. అదే ఆట, అదే గది, అదే అరగంట. ఈ మూడింటిని మార్చక ఒక్కొక్క మార్పు చేసెను. కఱ్ఱ అలమరలో ఇఱికించిన క్యాబినెట్‌ను వెలుపలికి తెచ్చెను. వేడి 88కి దిగెను. ఇంకను ఎక్కువే. వెనుక ఫ్యానునొద్ద కాగితపు ముక్కను పట్టి చూచెను. గాలి వెలుపలికి పోవుటకు మాఱుగా లోనికి వచ్చుచుండెను. ముందునుండి గాలి లోనికే, వెనుకనుండియు లోనికే. వేడిగాలికి ఇక దారి యేది? ఫ్యానును త్రిప్పి బిగించెను. వేడి 76కి దిగెను. పుస్తకమున ఆ మూడు అంకెలను వ్రాసి క్రింద గీత గీసెను. దానికై ఒక్క రూపాయియు ఖర్చు కాలేదు.

ఆటకొఱకు ఇంత శ్రమ యేల అని పెద్దలు కొందఱనవచ్చును. ఆటలకై పుట్టిన గ్రాఫిక్స్ కార్డు ఆటలతో ఆగలేదు. 2012లో కెనడా దేశపు టొరంటో విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు బొమ్మలను చూచి వస్తువులను గుర్తించు విద్యను కంప్యూటరునకు నేర్పిరి. దానికి వారు వాడినవి ఆటలకై అమ్ముడుపోవు కార్డులు రెండు. ఆ సంవత్సరపు పోటీలో వారి పద్ధతి తక్కినవానిని మిక్కిలి వెనుకకు నెట్టినది. కృత్రిమమేధ నేడు పొందిన వ్యాప్తికి ఆ పరిశోధన ఒక మలుపు. తెరపై చుక్కలకు రంగులు వేయు లెక్కయు, అక్కడ వేసిన లెక్కయు ఒకే తీరువి. వేలకొలది చిన్న లెక్కలను ఒక్కుమ్మడిగా వేయుట రెండింటను కలదు.

అయినను ఆ బాలుడు గడించిన లాభము కార్డులో లేదు. కార్డు నాలుగైదేండ్లకు పాతబడును. సాకెట్టు మాఱును, ర్యాము మాఱును, పార్కులేను దుకాణములలో పేర్లు మాఱును. ఒక భాగమును కొనుటకు ముందు దాని ప్రక్కదానిని గూర్చి ఆలోచించుట, చెడినదని అనుటకు ముందు చూచుట, చూచినదానిని వ్రాయుట, ఒక మాఱునకు ఒక్కటే మార్చుట, ఋజువు లేక ఒకరిని నిందింపకుండుట. ఇవి పాతబడవు. వైద్యుడు రోగిని పరీక్షించునప్పుడును, రైతు పైరు తెగులునకు కారణము వెదకునప్పుడును, లెక్కతప్పిన విద్యార్థి తన పంక్తులను తిరుగ చూచుకొనునప్పుడును చేయు పని యిదియే. భాగములకు ఒండొంటితో పొందిక కావలెను. అట్లే చేతికి ఓర్పుతోను, నోటికి సత్యముతోను పొందిక కావలెను. అది కుదిరినవాని చేత ఏ యంత్రమైనను, నేడు కాకున్న రేపైనను, పని చేయకపోదు.